ద సొప్రానోస్ ఐదో సీజన్: తమ్ముణ్ణి టోనీ చంపింది జాలితోనా, అవసరంతోనా?

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
న్యూజెర్సీ మాఫియా బాస్ టోనీ సొప్రానో కథగా సాగే అమెరికా సీరియల్ ‘ద సొప్రానోస్’ ఐదో సీజన్ పూర్తిచేశాను. ఆరో సీజన్ మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలని ఉంది, మీ అందరి అభిప్రాయం కావాలి.

ఆఖరి ఎపిసోడ్‌లో టోనీకి తమ్ముడి వరసైన టోనీ బ్లండెట్టో పొలం ఇంట్లో దాక్కుని ఉంటాడు. సరుకుల సంచులతో వరండా దగ్గరికి వస్తాడు. గోడ పక్క నుంచి టోనీ సొప్రానో షాట్‌గన్‌తో బయటికొచ్చి కాల్చేస్తాడు. ఒక మాట లేదు, వీడ్కోలు లేదు. న్యూయార్క్ ముఠాలోని ఫిల్ లియొటార్డో (ఇతని తమ్ముణ్ణి బ్లండెట్టో చంపాడు) చేతికి చిక్కితే చిత్రహింసలు పెట్టి చంపుతాడు కాబట్టి టోనీయే నొప్పి లేకుండా పంపించేశాడని చాలామంది అంటారు. నాకది పూర్తిగా మింగుడుపడటం లేదు. అప్పటికే ఫిల్ మనుషులు టోనీ ముఠాలోని బెన్నీని చావగొట్టారు. అదే ముఠాలోని క్రిస్టఫర్ ప్రాణానికి గ్యారంటీ లేదు. సొంత మనుషులే గొణుగుతున్నారు. ఆ ఒత్తిడి లేకపోతే టోనీ ఆ తుపాకీ పట్టేవాడా?

వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్ల బిడ్డలు. మన ఇళ్లలో అయితే సొంత అన్నదమ్ముల కిందే లెక్క. అందుకే నాకింత పట్టింపు.

(ఇద్దరు టోనీలు ఉన్నారు కాబట్టి బ్లండెట్టోని టోనీ బి అందాం.)

మోడరేటర్:
ఐదో సీజన్ వరకు కథ అంతా మాట్లాడుకోవచ్చు. అడిగినవారు ఆరో సీజన్ చూడలేదు కాబట్టి దాని సంగతులు ఎవరూ ఎత్తొద్దు. ఎత్తితే పోస్టు తీసేస్తాను.

పాలమూరు_పోరడు:
అవసరమే అన్నా, అనుమానం లేదు. టోనీ తన కుర్చీకి అడ్డం వచ్చినవాణ్ణి ఎప్పుడు ఉంచాడు? ఇదే సీజన్‌లో జైలు నుంచి వచ్చిన పాత గ్యాంగ్‌స్టర్ ఫీచ్ లామన్నాని ఏం చేశాడో గుర్తు తెచ్చుకో.

పేకాట సీన్ ఉంటుంది. అంతకుముందే భార్య కార్మెలా టోనీతో, నీకు నిజమైన స్నేహితులు లేరు, నువ్వు బాస్ కాబట్టి నీ జోకులకి నవ్వుతారు అంటుంది. ఆ మాట బుర్రలో తిరుగుతూ ఉంటుంది. ఆటలో టోనీ ఒక జోకు వేస్తాడు. అందరూ పగలబడి నవ్వుతుంటే కెమెరా స్లో మోషన్‌లో ఒక్కో మొహం చూపిస్తుంది. ఫీచ్ ఒక్కడు నవ్వడు. అంతే, ముసలాయన గ్యారేజీలో దొంగ టీవీలు పెట్టించి, పెరోల్ ఆఫీసర్ కంట పడేలా చేసి, మళ్లీ జైలుకి పంపిస్తాడు. జోకుకి నవ్వనివాడికే ఆ గతి పట్టించినోడు, న్యూయార్క్‌తో యుద్ధం తెచ్చిపెట్టినోణ్ణి జాలితో చంపుతాడా?

ఎడిసన్‌వాసి:
పోరడు గారూ, ఫీచ్‌కి టోనీ బికి చాలా తేడా ఉంది. ఫీచ్‌ని చంపలేదు, జైలుకి పంపాడు, ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు. టోనీ బి విషయంలో మాత్రం సీజన్ మొత్తం నిద్రలేదు. ఆ నిద్రలేమికి కారణం ‘అన్‌ఐడెంటిఫైడ్ బ్లాక్ మేల్స్’ ఎపిసోడ్‌లో బయటపడుతుంది. నా దృష్టిలో ఐదో సీజన్‌కి తాళంచెవి అదే.

ట్రక్కు దోపిడీకి ఆ రాత్రి ఇద్దరూ కలిసి వెళ్లాలి. టోనీ వెళ్లలేదు. టోనీ బి ఒక్కడే దొరికిపోయి పదిహేడేళ్లకు దగ్గరగా జైల్లో మగ్గాడు. తనెందుకు రాలేదో టోనీ అందరికీ చెప్పిన కారణం, నల్లవాళ్లు కొట్టి దోచుకున్నారని. అసలు జరిగింది వేరు. తల్లి లివియాతో గొడవపడి, ప్యానిక్ అటాక్ వచ్చి, పడిపోయి తల పగలగొట్టుకున్నాడు. దీన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి తన మానసిక వైద్యురాలు డాక్టర్ మెల్ఫీ ముందు కక్కుతాడు.

అదే ఎపిసోడ్‌లో టోనీ బి కుంటుతూ వస్తాడు. న్యూయార్క్ ముఠా నాయకుడు జానీ శాక్ మనిషి జోయీ పీప్స్‌ని చంపినప్పుడు కారు పాదం మీదకి ఎక్కింది. ఏమైందని టోనీ అడిగితే తనను ఎవరో నల్లవాళ్లు కొట్టారంటాడు. టోనీ ఒకప్పుడు చెప్పిన అబద్ధమే అతని ముందుకొచ్చి నిలబడింది. జోయీ పీప్స్‌ని చంపింది ఎవరో టోనీకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అయినా జానీ శాక్ అడిగితే తెలియదన్నాడు, పైగా టోనీ బికి క్యాసినో పని అప్పగించాడు. కుర్చీ గురించే ఆలోచించేవాడైతే ఆ రోజే వదిలించుకునేవాడు. ఆ అప్పు తీరదని తెలిసి ఎంతకాలం కుదిరితే అంతకాలం కాపాడాడు.

ఆఖరి_బెంచీ:
ఎడిసన్‌వాసి అక్క చెప్పిందే నా మాట కూడా. ఆ కుంటి నడక చూసినప్పుడు టోనీ మొహంలో టెన్షన్ చూడాలి. టోనీగా వేసిన గాండోల్‌ఫినీ మొహం మీద అన్నీ కనిపిస్తాయి.

గోదారిగట్టు:
నమస్కారం. మీరందరూ చావు గురించే మాట్లాడుతున్నారు. నాకు టోనీ బి బతుకు మీద ఎక్కువ బాధ.

ఆయన జైలు నుంచి వచ్చినప్పుడు బాగుపడాలనే వచ్చాడు. లాండ్రీ సామాను మోసే పనిలో చేరి, రాత్రిళ్లు చదివి మసాజ్ థెరపిస్టు లైసెన్సు సంపాదించాడు. యజమాని కిమ్, కొరియా మనిషి, మొదట్లో కటువుగా ఉన్నా చివరికి నమ్మి భాగస్వామిగా చేర్చుకుంటానన్నాడు. దుకాణానికి రంగులు కూడా వేస్తున్నారు. ఆ సమయంలో రోడ్డు పక్కన ఎవరో విసిరేసిన సంచిలో 12,000 డాలర్లు దొరికాయి. అక్కడే బతుకు అడ్డం తిరిగింది. జూదంలో డబ్బంతా పోయింది, అప్పటిదాకా అణచుకున్న కోపం పైకొచ్చి కిమ్‌ని చావబాదాడు. తర్వాత టోనీ దగ్గరికి వెళ్లి, నాకేదైనా పని ఇవ్వు అని అడిగాడు.

ఎంతోమంది మాజీ ఖైదీల కథ ఇది. కష్టం వచ్చినప్పుడు చెదరలేదు. ఊరికే డబ్బు వచ్చి పడేసరికి ఓపిక పోయింది. టోనీ బిగా వేసిన స్టీవ్ బుషెమీ ఆ మార్పుని ఎంత నెమ్మదిగా చూపించాడో! పెయింటు బ్రష్ పట్టుకున్న చేతిలోనే ముందు విసుగు కనిపిస్తుంది, మొహంలోకి తర్వాత వస్తుంది.

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
గోదారిగట్టు మాస్టారూ, ఆ ఎపిసోడ్ నన్ను కూడా వదల్లేదు. కానీ కిమ్‌ని కొట్టగానే హంతకుడైపోలేదు కదా. జోయీ పీప్స్‌ని చంపమని జైల్లో స్నేహితుడైన ఏంజెలో వాళ్లు అడిగినప్పుడు మొదట కాదన్నాడు. మరి ఎందుకు ఒప్పుకున్నాడు?

ఎడిటింగ్_టేబుల్:
దానికి జవాబు ‘మార్కో పోలో’ ఎపిసోడ్‌లో ఉంది. కార్మెలా తండ్రి డెబ్బై అయిదో పుట్టినరోజు వేడుక. టోనీ బి తన కవల పిల్లల్ని తీసుకుని ఆ పెద్ద ఇంటికి వస్తాడు. పిల్లలకి స్విమ్మింగ్ పూల్, టీవీ, అంతంత గదులు చూసి వదిలిరావాలని ఉండదు. తండ్రి వాళ్లని బయల్దేరదీస్తుంటే చూడండి, ఒక్క డైలాగ్‌లో కూడా ‘నాకు లేదు, వాడికి ఉంది’ అని ఉండదు. కెమెరా ఆయన్ని ఆ ఇంటి మధ్యలో ఒంటరిగా నిలబెడుతుంది. ఆ తర్వాత నేరుగా హత్య. మధ్యలో నిర్ణయం తీసుకునే సీన్ లేదు. ఎడిటింగ్‌లో పని చేసేవాడిగా చెప్తున్నాను, ఆ సీన్ లేకపోవడమే దాని బలం. ఆ పెద్ద ఇల్లు చూశాక అతని నిర్ణయం మనకే తెలిసిపోతుంది.

బుషెమీ ఈ సీజన్‌లో నటించడమే కాదు, ‘ఇన్ క్యామెలాట్’ ఎపిసోడ్‌కి దర్శకుడు కూడా. మూడో సీజన్‌లో మంచులో దారితప్పే ‘పైన్ బ్యారెన్స్’ తీసిందీ ఆయనే.

పాలమూరు_పోరడు:
సరే అక్కా, అప్పు ఉందని ఒప్పుకుంటా. కానీ టోనీ సలహాదారు సిల్వియో మాటకేం చెప్తారు? ఆఖరి ఎపిసోడ్‌లో సిల్వియో టోనీ ఎదురుగా కూచొని, నువ్వు తమ్ముడి కోసం ఆగట్లేదు, జాన్ (జానీ శాక్) ముందు తలవంచడం ఇష్టం లేక ఆగుతున్నావు, నీ జబ్బు గర్వం అని అర్థమయ్యేలా చెప్తాడు. టోనీకి కోపం వస్తది. తర్వాత కొంచెం సేపటికే పొలం సీను. అంటే సిల్వియో చెప్పింది తగలాల్సిన చోట తగిలింది.

ఎడిసన్‌వాసి:
సిల్వియో చెప్పింది సగం నిజం. టోనీ మొదట జాన్ దగ్గరికెళ్లి ఏం అడిగాడు? టోనీ బిని అప్పగిస్తాను, కానీ త్వరగా, బాధ లేకుండా పోనివ్వమన్నాడు. జాన్ ఒప్పుకోలేదు, టోనీ లేచి వచ్చేశాడు. గర్వం ఒక్కటే అయితే అసలు ఆ బేరానికే వెళ్లడు కదా.

లాపాయింట్:
మీ వాదనలు చదువుతున్నాను. నేను కోర్టు పనిలో ఉన్నవాణ్ణి, అందుకే నా కన్ను ఇంకోచోట పడింది. టోనీ బి చావు గురించి ఇంత మాట్లాడుతూ క్రిస్టఫర్‌కి కాబోయే భార్య, ఎఫ్‌బీఐకి ఇన్‌ఫార్మర్ అయిన ఏడ్రియానా చావుని మరచిపోతున్నారు. ‘లాంగ్ టర్మ్ పార్కింగ్’ 2004 మే 23న వచ్చింది. ఈ సీజన్‌లో అసలు హత్య అది.

ఎఫ్‌బీఐ ఆమెను ఎలా పట్టుకుందో చూడండి. ముందు డ్రగ్స్ కేసు భయం చూపించి లొంగదీసుకున్నారు. తర్వాత ఆమె క్లబ్బులో జరిగిన హత్య దొరికింది. ఆమె చంపలేదు, కప్పిపుచ్చడంలో సాయపడింది. ఇక మీకు రెండే దారులు, జైలు లేదా మాటలు రహస్యంగా రికార్డు చేసే వైరు ఒంటికి కట్టుకోవడం అన్నారు. ఆమె వైరు వద్దంది. క్రిస్టఫర్‌ని కూడా తీసుకొస్తాను, ఇద్దరం సాక్షుల రక్షణలోకి వస్తాం, టైమ్ ఇవ్వండి అంది. పంపించారు. ఒంటరిగా, రక్షణ లేకుండా, ఒక హంతకుడి ఇంటికి పంపించారు. ఇన్‌ఫార్మర్‌ని అలా వదలడం ఎంత ఘోరమో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది. ఏజెంటు సాన్‌సెవెరీనోకి ఆమె మీద ఎంతోకొంత అభిమానం ఉందనే నేను నమ్ముతాను. కానీ ఆఫీసుకి కావాల్సింది కేసు, ఏడ్రియానా కాదు.

ఆఖరి_బెంచీ:
అసలు తప్పు క్రిస్టఫర్‌ది. అంత నమ్మి చెప్పింది అమ్మాయి. పీక పిసికాడు, తర్వాత ఏడ్చాడు, కలిసి వెళ్లిపోదాం అన్నాడు. సిగరెట్ల కోసమని బయటికి వెళ్లాడు.

ఎడిటింగ్_టేబుల్:
ఆ పెట్రోల్ బంకు షాట్ గురించి చెప్పాలి. క్రిస్టఫర్ కారు దగ్గర నిలబడి ఉంటాడు. ఎదురుగా ఒక పాత డొక్కు కారు, అందులోకి ఎక్కుతున్న ఒక పేద కుటుంబం, భార్య, భర్త, పిల్లలు. అంతే. మాటల్లేవు. సాక్షుల రక్షణలోకి వెళితే తను బతకబోయే బతుకు ఆయన కళ్లముందు ఉంది. తర్వాత ఆయన ఏం చేశాడో చూపించరు. ఏడ్రియానాకి ఫోన్ వస్తుంది, క్రిస్టఫర్ ఆత్మహత్యాయత్నం చేశాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, సిల్వియో వచ్చి తీసుకెళ్తాడని.

మధ్యలో ఒకటి చేశారు, చాలామంది గమనించి ఉండరు. ఆమె ఒంటరిగా కారు నడుపుకుంటూ హైవే మీద వెళ్లిపోతున్నట్టు చూపిస్తారు. అమ్మయ్య తప్పించుకుంది అనుకుంటాం. తర్వాతి షాట్‌లో సిల్వియో పక్క సీట్లో ఉంటుంది. ఆ దారంతా ఆమె ఊహించుకున్నదే. అడవిలో కారు ఆగుతుంది. ఆమె చేతులు, మోకాళ్ల మీద పాకుతూ ఫ్రేము దాటిపోతుంది. తుపాకీ శబ్దం మాత్రం వినిపిస్తుంది. చావుని చూపించకపోవడం నాకు గౌరవంగా అనిపించింది.

ఈ ఎపిసోడ్ రాసిన టెరెన్స్ వింటర్‌కి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) వచ్చింది. ఏడ్రియానాగా వేసిన డ్రియా డి మట్టియోకి, క్రిస్టఫర్‌గా వేసిన మైఖేల్ ఇంపీరియోలీకి కూడా. అదే ఏడాది ఉత్తమ డ్రామా ఎమ్మీ కూడా ఈ సీరియల్‌కే, కేబుల్ ఛానల్ సీరియల్‌కి ఆ అవార్డు రావడం అదే మొదలు.

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
నన్ను ఎక్కువ కలచివేసింది సిల్వియో. అంతవరకు ఇంట్లో మనిషిలా మాట్లాడినవాడు కారు దిగగానే మారిపోయాడు.

లాపాయింట్:
అదే ఎపిసోడ్‌లో కార్మెలా తిరిగి టోనీతో కలుస్తుంది. షరతులు గుర్తున్నాయా? ఆమె ఇల్లు కట్టుకోవడానికి స్థలం కోసం 600,000 డాలర్లు, ఇక ముందు అతని వ్యవహారాలు తన కంట పడకూడదు. భర్తకి రేటు కట్టినట్టే ఉంది. నాకు కోపం వచ్చింది.

ఎడిసన్‌వాసి:
లాపాయింట్ గారూ, మీరు కార్మెలా మీద మరీ కఠినంగా ఉన్నారు. ఆమెకి వేరే దారి ఎక్కడుంది? విడాకులకి లాయర్ దగ్గరికి వెళ్తే మేం తీసుకోలేం అన్నాడు. ఎందుకంటే టోనీ ముందే పేరున్న లాయర్లందర్నీ కలిసి సలహా తీసుకున్నాడు, ఇక వాళ్లు భార్య తరఫున నిలబడలేరు. ఆస్తులు లెక్కగట్టే అకౌంటెంటు కూడా ఆ పేరు వినగానే వెనక్కి తగ్గాడు. సరిగ్గా అప్పుడే కూతురు మెడో ఫోన్ చేసి ప్రియుడు ఫిన్‌తో నిశ్చితార్థం అయిందని చెప్తుంది. కార్మెలా ఏడుస్తుంది. అమ్మ ఆనందంతో ఏడుస్తోందనుకుంటుంది అవతల మెడో. ఆ ఏడుపు మీకు వినపడలేదా?

మధ్యలో కొడుకు స్కూల్లో కౌన్సెలర్ వెగ్లర్‌తో ఒక సంబంధం కుదిరింది. అతనూ చివరికి, కొడుకు మార్కుల కోసం నన్ను వాడుకున్నావు అని నింద వేశాడు. భర్త డబ్బు కలుషితం, ప్రియుడి ప్రేమలో అనుమానం. ఇంత జరిగాక ఆమె అడిగింది ఒక్క స్థలం.

లాపాయింట్:
ఎడిసన్‌వాసి గారూ, లాయర్ల విషయం మీరు చెప్పింది సరైనదే, ఇలాంటి ఎత్తుగడలు నిజంగానే ఉంటాయి. కానీ ఆ స్థలం కొన్న డబ్బు ఎక్కడిదో ఆమెకి తెలుసు. ఒక అడవిలో ఏడ్రియానా చచ్చింది, ఎపిసోడ్ చివర్లో ఇంకో చెట్ల మధ్య వీళ్లిద్దరూ ఇల్లు కట్టే చోటు చూస్తూ కూర్చున్నారు. దర్శకుడు ఊరికే ఆ రెండు చోట్లనీ ఒకేలా చూపించలేదు. కార్మెలా బాధితురాలు, అలాగే భాగస్వామి కూడా. నేనైతే రెండూ ఒప్పుకుంటాను.

ఎడిసన్‌వాసి:
భాగస్వామి అని నేనూ ఒప్పుకుంటాను. బయటపడే అవకాశం ఉండి కూడా ఉండిపోయిందంటేనే ఒప్పుకోను.

కొత్త_సభ్యురాలు:
నేను ఈ మధ్యే చూడటం మొదలుపెట్టాను. ‘ద టెస్ట్ డ్రీమ్’లో అంత పెద్ద కల నాకు అర్థం కాలేదు. వదిలేయొచ్చా?

ఆఖరి_బెంచీ:
వదలొద్దు చెల్లీ. టోనీ ప్లాజా హోటల్లో ఒంటరిగా పడుకుని కంటున్న కల. పోయినవాళ్లు వస్తారు, హైస్కూల్ కోచ్ వచ్చి చీవాట్లు పెడతాడు. ముఖ్యమైనది, కలలో టోనీ బి ఫిల్‌ని కాల్చేస్తాడు, ఆపలేదని జనమంతా టోనీ మీద పడతారు. లేచేసరికి నిజంగానే టోనీ బి ఫిల్ తమ్ముడు బిల్లీని చంపేశాడు. ఏంజెలోని ఫిల్, బిల్లీ చంపారు కదా, దానికి ప్రతీకారం. టోనీకి లోపల ముందే తెలుసు అని చెప్పడానికే ఆ కల.

గోదారిగట్టు:
నేను ఇంకో సంగతి చెప్పాలనుకుంటున్నాను. అసలు ప్రశ్నకి దీంతో సంబంధం ఉంది.

‘కోల్డ్ కట్స్’లో టోనీ అక్క జానిస్ కోపం తగ్గించుకునే క్లాసులకి వెళ్తుంది. నిజంగానే మారుతుంది. ఆదివారం భోజనాల బల్ల దగ్గర ఆమె భర్త బాబీ, పిల్లలు, ఆమె అందరూ ప్రశాంతంగా ఉన్నారు. టోనీ చూస్తుంటాడు. అది చూసి ఓర్వలేకపోతాడు. ఆమెకి ఎప్పుడో దూరమైన కొడుకు హార్పో పేరు ఎత్తుతాడు. ముందు మామూలుగా అడుగుతాడు. ఆమె తమాయించుకుంటుంది. మళ్లీ గుచ్చుతాడు, యాస పెట్టి ఎగతాళి చేస్తాడు, అమ్మ ఎక్కడుందని ఆ పిల్లాడు వెతుక్కుంటూ ఉంటాడేమో అన్నట్టు. చివరికి ఆమె ఫోర్కు పట్టుకుని మీదకి లేస్తుంది. ఇల్లంతా అరుపులు. టోనీ తన పని అయిపోయినట్టు లేచి, ఇంటి దారి పట్టి నడిచి వెళ్తాడు, మొహంలో సంతృప్తి.

చెరువు గట్టు మీద కూర్చుని, నీళ్లు తేరుకున్నప్పుడల్లా రాయి విసిరేవాడిలాంటి మనిషి. పక్కవాడు బాగుపడితే తను ఎందుకు బాగుపడలేదనే ప్రశ్న వస్తుంది, దాన్ని భరించలేడు. టోనీ బి మసాజ్ దుకాణం పోయి తన దగ్గరికి పని అడగడానికి వచ్చినప్పుడు టోనీ మొహం చూడండి. బాధపడలేదు. ఊరట కనిపించింది. అందువల్ల నాకు ఈ చావు జాలీ కాదు, ఒత్తిడీ కాదు. ఆ మనిషి బాగుపడే దారి మూసుకుపోయినప్పుడు లోపల సంతోషించిన వాడే చివర్లో తుపాకీ పట్టాడు. ముందు చేసిన దానికి తుది మెట్టు అది.

పాలమూరు_పోరడు:
మాస్టారూ, మీరు చెప్పింది చదివాక ఆ సీను మళ్లీ చూశా. ఊరట నిజమే. కానీ అందులో ప్రేమ కూడా ఉంది. చిన్నప్పటి నుంచి తోడున్నోడు తన పక్కకి వచ్చిండని సంతోషం. రెండూ కలిసే ఉన్నయ్.

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
ఎడిసన్‌వాసి గారూ, ఒక చిన్న ప్రశ్న. మీరుండే చోట ఇవన్నీ కనిపిస్తాయా?

ఎడిసన్‌వాసి:
నేనుండేది ఎడిసన్‌లో, ఇటు మిడిల్‌సెక్స్ కౌంటీలో. సీరియల్ జరిగేది ఉత్తర న్యూజెర్సీలో, కారులో గంట లోపే. టోనీ ఇల్లు నార్త్ క్యాల్డ్‌వెల్‌లో నిజమైన ఇల్లే, అక్కడ మనుషులు నివసిస్తారు కాబట్టి ఊరికే వెళ్లి ఫొటోలు తీయొద్దని మన వాళ్లందరికీ చెప్తుంటాను. టోనీ ముఠా కూడే బాడా బింగ్ సీన్లు తీసిన క్లబ్బు లోడైలో 17వ నంబర్ రోడ్డు మీద ఉంటుంది. ఇంట్లో సీన్లు చాలావరకు న్యూయార్క్ క్వీన్స్‌లోని సిల్వర్‌కప్ స్టూడియోలో వేసిన సెట్లు. ఇంకో మాట, న్యూజెర్సీలో నిజంగానే డికవల్కాంటే అనే మాఫియా కుటుంబం ఉంది. 1999లో ఎఫ్‌బీఐ రహస్యంగా రికార్డు చేసిన వాళ్ల మాటల్లో, ఈ సీరియల్ మన గురించేనా అని ఒకళ్లనొకళ్లు అడుగుకున్నది కోర్టు దాకా వచ్చింది.

ఎడిటింగ్_టేబుల్:
అసలు విషయానికి వద్దాం. సీజన్ మొదటి ఎపిసోడ్‌లో పెరట్లోకి ఎలుగుబంటి వస్తుంది. టోనీ అప్పుడు ఇంట్లో లేడు, కార్మెలాతో విడిపోయి తల్లి పాత ఇంట్లో ఉంటున్నాడు. చివర్లో జానీ శాక్ ఇంటి దగ్గర పొద్దున్నే ఇద్దరూ రాజీ పడుతుండగా ఫెడరల్ పోలీసులు వచ్చేస్తారు. జాన్‌ని పట్టుకుంటారు, టోనీ మంచులో చెట్ల గుండా పరిగెత్తి, తడిసి, అదే పెరట్లోకి పొదల మధ్య నుంచి వస్తాడు. సీజన్ మొత్తం ఇంటికి రావాలని చూసిన మనిషి ఇప్పుడు వచ్చాడు. తమ్ముణ్ణి చంపి వచ్చాడు.

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
ఇక్కడే నాకు అసలు ప్రశ్న మళ్లీ వస్తోంది. టోనీ బిని చంపిన కొద్దిసేపటికే జాన్ అరెస్టయ్యాడు. టోనీ ఇంకొక్క రోజు ఆగి ఉంటే తమ్ముడు బతికేవాడా?

ఆఖరి_బెంచీ:
అయ్యో, ఇది నేను ఆలోచించనేలేదు.

లాపాయింట్:
జాన్ మీద పెట్టినది పెద్ద ఛార్జిషీటు, తొందరగా బయటికి రాలేడు. ఆ ఒత్తిడి అయితే తగ్గేది. టోనీ పేరు ఆ ఛార్జిషీటులో లేదని అతని లాయరు చెప్పాక టోనీ ఊపిరి పీల్చుకుంటాడు. బేరం చేయడానికి ఎదురుగా మనిషే లేకుండా పోయాడు.

పాలమూరు_పోరడు:
జాన్ లేకపోతే ఏంది? పోయింది ఫిల్ సొంత తమ్ముడు. పొలం ఇంటికి వచ్చి టోనీ బి శవం చూసి, తన చేతికి దొరకనందుకు ఫిల్ ఎంత మండిపోయాడో చూడలేదా? జాన్ అనే కళ్లెం కూడా లేకపోతే ఫిల్ ముందుగా క్రిస్టఫర్‌ని పట్టేవాడు. టోనీ ఆగినా ఒక రోజు, రెండు రోజులు. అంతకు మించి టోనీ బి బతికేవాడు కాదు.

ఎడిసన్‌వాసి:
ఈ ఒక్క విషయంలో పోరడు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఫిల్ వదిలేవాడు కాదు. అందుకే త్వరగా పోనివ్వమని జాన్‌ని అడిగిన మాట నాకు అంత ముఖ్యం. జాన్ కాదన్నది టోనీ తన చేత్తో చేశాడు. నైట్‌షిఫ్ట్ గారూ, ఆ బేరం సీను ‘లాంగ్ టర్మ్ పార్కింగ్’లో ఉంది. అది చూసి, వెంటనే పొలం సీను చూడండి, మధ్యలో ఇంకేదీ పెట్టొద్దు. తర్వాత మీ అభిప్రాయం ఇక్కడే రాయండి.

నైట్‌షిఫ్ట్_వైజాగ్:
అలాగే అండీ. ఆదివారం చూసి రాస్తాను. మాస్టారూ, మీరు కూడా ఉండాలి.

గోదారిగట్టు:
తప్పకుండా. జానిస్ భోజనం సీను కూడా వాటి ముందు పెట్టుకోండి నాన్నా, మూడూ కలిపి మాట్లాడుకుందాం.